అవిశ నీడ, వరి ఎండ

పొన్నూరు చుట్టుపక్కల ఆకుతోటలోకి మిట్టమధ్యాహ్నం వెళ్లినా ఎండ ముక్కలు ముక్కలుగానే నేలకు దిగుతుంది. పైన అవిశ, దాన్ని పట్టుకుని తమలపాకు తీగ. గట్టు దాటితే వరి చేను. అక్కడ నీడ అసలు గిట్టదు. గట్టు మీద తుమ్మచెట్టుంటే దాని నీడ పడ్డ మేర పైరు సన్నగా సాగిపోయి, కంకిలో గింజ సరిగా నిండదు.

వెలుతురు పెరిగేకొద్దీ ఆకులో కిరణజన్య సంయోగక్రియ వేగం పెరుగుతుంది, కొంతవరకే. ఆపైన ఎంత ఎండ కాసినా, లోపలికి వచ్చే కార్బన్ డయాక్సైడ్, దాన్ని పట్టుకునే ఎంజైము అంతకంటే తొందరపడవు. ఏది కొరతగా ఉంటే అదే వేగాన్ని శాసిస్తుందని వృక్షశాస్త్రవేత్త బ్లాక్‌మన్ 1905లో చెప్పాడు. నీడకు అలవాటుపడ్డ తమలపాకుకు ఆ హద్దు తొందరగా వచ్చేస్తుంది. ఎండ మరీ ఎక్కువైతే ఆకు పసుపెక్కి గిడసబారుతుంది. నీడ ఎక్కువైతే తీగ సాగుతుంది గానీ ఆకు పలచబడుతుంది. అందుకే ఆకుతోటలో అసలు పనితనం అవిశ కొమ్మ నరకడంలో ఉంది. మబ్బుల కాలంలో కొమ్మ తీసి వెలుతురు ఇవ్వాలి, వేసవికి ఉంచుకోవాలి. ఎంత తీయాలో ఎలా తెలుస్తుందని ఒక పెద్దాయన్ని అడిగాను. "ఆకు రంగే చెబుతుందండీ, మనం చూసుకోవాలి" అన్నాడు. బడిలో హైడ్రిల్లా అనే నీటిమొక్క వదిలే బుడగలు లెక్కపెట్టించి, దీపాన్ని రెండింతల దూరం జరిపితే వెలుతురు నాలుగోవంతుకు పడిపోతుందని నేర్పే పాఠానికి ఈ కొమ్మ నరకడం పొలం వెర్షన్.

వరిది వేరే లెక్క. పై ఆకుకు ఎండ చాలినా కింది ఆకులు దాని నీడలోనే ఉంటాయి, కాబట్టి చేను మొత్తానికి వెలుతురు ఎంతున్నా చాలదు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, ఆలస్యంగా ఈనుతుంది. గింజ పాలు పోసుకునే వేళ రేపల్లె తీరాన తుఫాను మబ్బు రోజుల తరబడి కమ్మితే, చేను మునగకపోయినా తాలు పెరుగుతుంది. మునిగిన ఎకరాలు లెక్కకు వస్తాయి, మబ్బు పట్టిన రోజులు నష్టం రిజిస్టర్‌లోకి సులువుగా ఎక్కవు. దాళ్వాలో, అంటే రబీలో, దిగుబడి బాగుండటానికి మబ్బులేని ఎండ ఒక పెద్ద కారణం.

సార్వా కోతయ్యాక తెనాలి వైపు ఇప్పుడు దుక్కి లేకుండానే మొక్కజొన్న వేస్తున్నారు. పల్లాకు తెగులు, బంగారు తీగ బాధ పడలేక మినుము వదిలేశామంటారు. అది నిజమే. అయితే కార్బన్ డయాక్సైడ్‌ను ముందే పోగుచేసుకునే ఏర్పాటు మొక్కజొన్న ఆకులో ఉంది, మినుముకు లేదు. నడినెత్తి ఎండను కూడా మొక్కజొన్న వాడుకోగలదు. మినుము ఆకు అంతకు ముందే చాలనేస్తుంది.