కళ్లు మూసుకోమన్నవాడు

మా అక్క బిడ్డ ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఉంది. సెలవులకు నాగారం వచ్చిందంటే రాత్రి భోజనాలయ్యాక బాల్కనీలో కుర్చీ వేసుకుని ఫోన్‌లో నవల చదువుతుంది. ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కీసర దిక్కు పోయే బస్సుల రొద సద్దుమణిగే వేళ అది. మొన్న చదువుతున్న కథలో నాయకుడు ఒక నేరస్తుల ముఠాకు పెద్ద. నాయికను ఎత్తుకొచ్చి తన ఇంట్లో ఉంచుకున్నాడు. ఆమె కోసం ప్రాణమిస్తాడు కానీ ఆమెను గడప దాటనివ్వడు.

"ఇట్లాంటోడు నచ్చుడేంది బిడ్డా?" అన్నాను.

"నువ్వు చదివిన నవలల్ల హీరోలందరు మంచోళ్లేనా చిన్నమ్మా?" అంది, తల ఎత్తకుండానే.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి పడుకున్నాక, నేను ప్రేమించిన కథానాయకులు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లలో కడిగిన ముత్యం లాంటివాడు ఒక్కడూ లేడు.

ఈ తరం పాఠకులు ఇలాంటి కథల్ని డార్క్ రొమాన్స్ అంటున్నారు. మంచివాడనడానికి నోరు రాదు, చెడ్డవాడని వదిలేయడానికి మనసొప్పదు. అలాంటి ప్రేమికుడి చుట్టూ తిరిగే కథలివి. పేరు కొత్తదే కానీ మనిషి మనకు పాతవాడు. మన సాహిత్యంలో అతని జాడ వెతుక్కుంటూ పోతే కనీసం ఐదు వందల ఏళ్లు వెనక్కి నడవాలి.

కృష్ణదేవరాయల కొలువులో అల్లసాని పెద్దన రాసిన మనుచరిత్రను మనం ప్రవరుడి నిగ్రహం కోసం చదువుతాం. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని ప్రవరుడు హిమాలయాలకు పోతాడు. మంచుకు ఆ పసరు కరిగిపోయి, ఇంటికి తిరిగొచ్చే దారి లేక నిలబడిపోతాడు. వరూధిని అతన్ని చూసి మనసు పడుతుంది. అతను ఆమెను కాదని, అగ్నిదేవుణ్ని వేడుకుని ఇల్లు చేరతాడు. బడిలో చెప్పే కథ చాలాసార్లు ఇక్కడే ఆగిపోతుంది. అసలు చీకటి ఆ తర్వాత మొదలవుతుంది. అంతకుముందు వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు, ఆమె విరహాన్ని కనిపెట్టి, ప్రవరుడి రూపం వేసుకుని వస్తాడు. ఆమె దగ్గర ఒక షరతు పెడతాడు. కలిసిన వేళ కళ్లు మూసుకోవాలి.

ఈ షరతు దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. గంధర్వుడి ప్రేమ అబద్ధం కాదు. ఆమెను అతను నిజంగానే కోరుకున్నాడు. అయితే ఆ ప్రేమ చేరిన దారి మోసం. కాదన్న స్త్రీని, ఆమెకు తెలియకుండా, ఆమె కోరుకున్న మరొకరి ముఖంతో పొందాడు. పెద్దన ఆ మోసాన్ని దాచడు. వరూధిని కళ్లు మూసుకుంటుంది కానీ మన కళ్లు తెరిచే ఉంటాయి. ఆమెకు తెలియనిది మనకు తెలుసు. ఆ శృంగారాన్ని చదువుతున్నంతసేపూ మనసు సగం కరుగుతుంది, సగం గింజుకుంటుంది. చీకటి ప్రేమకథ పట్టు అంతా ఆ సగం సగంలోనే ఉంది. వాళ్లిద్దరికీ పుట్టిన స్వరోచి కొడుకే తర్వాత మనువవుతాడు. అంత పెద్ద వంశకథకు పునాదిలో ఒక మోసం ఉందని పెద్దన ఒప్పుకున్నాడు.

పాఠకుడికి ఒక నిజం ముందే చెప్పి, పాత్రకు చెప్పకపోవడం ఈ కథల మొదటి విద్య. గురజాడ అదే విద్యను నాటకంలో వాడారు. కన్యాశుల్కం 1892లో తొలిసారి ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన రూపంలో మళ్లీ వెలువడింది. గిరీశం మాటకారి. అతను నోరు విప్పితే మనకు నవ్వొస్తుంది, అతని మీద ఇష్టం కలుగుతుంది. కానీ మధురవాణి దగ్గరా పూటకూళ్లమ్మ దగ్గరా అతను ఎలా బతికాడో మనం చూసే ఉన్నాం. అందుకే బాల వితంతువు బుచ్చమ్మ ముందు సంస్కర్త వేషంలో నిలబడ్డప్పుడు మన నవ్వు గొంతులో అడ్డుపడుతుంది. నాటకం చివర మధురవాణి నోటి మీదుగా సౌజన్యారావు పంతులుకు నిజం తెలుస్తుంది. బుచ్చమ్మకు చదువుకునే దారి దొరుకుతుంది, గిరీశానికి తలుపు మూసుకుంటుంది. గురజాడ అతన్ని అంత అందంగా తీర్చిదిద్దారు, అయినా లెక్క మాత్రం వదిలిపెట్టలేదు.

రెండో విద్య, మగవాడి మనసు మూసి ఉంచి ఆడమనిషి మనసు తెరిచి చూపడం. దీన్ని తెలుగులో కొసదాకా తీసుకుపోయింది చలం. 1927 నాటి మైదానం నవల మొత్తం రాజేశ్వరి గొంతులో నడుస్తుంది. ప్లీడరు భార్య, బ్రాహ్మణ స్త్రీ, అన్నీ విడిచి అమీర్ అనే ముస్లిం యువకుడి వెంట వెళ్లిపోతుంది. ఊరికి దూరంగా ఒక మైదానంలో కాపురం పెడుతుంది. అమీర్ ఆలోచనలు మనకు ఎక్కడా నేరుగా తెలియవు. అతని చేతలు తెలుస్తాయి, అవి ఆమె ఒంటి మీదా మనసు మీదా ఎలా పడ్డాయో తెలుస్తుంది. అమీర్ ఆమెకు గాలి లాంటివాడు, ఎండ లాంటివాడు. మరో పిల్ల మీద మనసుపడి ఆమెను ఏడిపించినవాడూ అతనే, కడుపులో బిడ్డ వద్దన్నవాడూ అతనే. కథ చివర రక్తం ఉంది, జైలు ఉంది.

చలం అమీర్‌ను సమర్థించలేదు, శపించనూ లేదు. రాజేశ్వరి ఏం పొందిందో, ఏం పోగొట్టుకుందో రెంటినీ ఆమె చేతే చెప్పించాడు. వెళ్లిపోయిన స్త్రీని పతిత అనడమే లోకానికి తెలిసిన కాలంలో ఆమె నోటితో నవల మొత్తం మాట్లాడించడం చిన్న సంగతి కాదు. ఈ తరహా కథల విలువ నాకు ముందుగా ఇక్కడే కనిపిస్తుంది. తప్పు మనిషిని ప్రేమించిన స్త్రీ చెప్పే మాటను అవి చివరిదాకా వింటాయి. మధ్యలో ఆపి నీతి చెప్పవు.

మూడో విద్య ఊరి మాట. నాయకుడు కనబడకముందే అతని గురించిన పుకారు నాయిక చెవిన పడాలి. 1940లో కృష్ణా జిల్లా కాజలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన యద్దనపూడి సులోచనారాణికి ఈ విద్య బాగా తెలుసు. 1960ల మధ్యలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చిన సెక్రటరీ తెలుగిళ్లను ఊపేసింది. 1976లో సినిమాగానూ వచ్చింది. అందులో రాజశేఖరం ధనవంతుడు, అందగాడు. ఆడవాళ్ల విషయంలో మంచి పేరు లేనివాడు. జయంతి ఉద్యోగం చేసుకుని బతికే మధ్యతరగతి అమ్మాయి, ఆత్మాభిమానం తప్ప ఆస్తి లేదు. అతని గురించి విన్నది నమ్మాలా, కళ్లతో చూసింది నమ్మాలా అన్న ఊగిసలాటే ఆ నవల గుండెచప్పుడు. రాజశేఖరం అమీర్ అంత చీకటివాడు కాడు. అనుమానం నీడ మాత్రమే అతని మీద పడింది. ఆ నీడే లక్షణంగా కారు దిగి వచ్చే పొడుగాటి మనిషికి లోతు తెచ్చిపెట్టింది.

మా చిన్నప్పుడు కుషాయిగూడలో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. చిన్న గది, గోడల నిండా అట్టలు వేసిన నవలలు, కొన్నింటికి చివరి పేజీలు ఉండేవి కావు. మా అమ్మ వంటపని ముగించుకుని మధ్యాహ్నం పూట చదివేది. వారపత్రికల్లో సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, ట్రంకు పెట్టెలో చీరల కింద దాచేది. ప్రతి భాగం చివరా 'సశేషం' అని ఉండేది. నాలుగో విద్య అదే. నాయకుడి చేయి పైకి లేచిన చోట భాగం ఆగిపోతుంది. కొట్టడానికా, కన్నీళ్లు తుడవడానికా? అది తేలడానికి వారం పడుతుంది. ఆ వారమంతా ఇంట్లో ఆడవాళ్లు ఆ మనిషి గుణం గురించి వాదించుకునేవాళ్లు. బియ్యం ఏరుతూ అత్త ఒకటంటే, పూలు కడుతూ వదిన మరొకటనేది. వాళ్ల మాటల్లో తమ మొగుళ్ల ప్రస్తావన ఎక్కడా రాదు. అయినా ఆ మాటలు ఎవరి గురించో అందరికీ తెలుసు.

ఇంత మంది ఆడవాళ్లు ఇన్నేళ్లుగా ఈ మసక మనుషుల కథలు ఎందుకు చదువుతున్నారన్న ప్రశ్నకు నాకు అక్కడే జవాబు దొరికింది. మన ఇళ్లలో పెళ్లిచూపులంటే పట్టుమని పది నిమిషాలు. అబ్బాయి జీతం తెలుస్తుంది, గోత్రం తెలుస్తుంది, పొలమెంతో ఫ్లాటు ఎక్కడో తెలుస్తుంది. కోపమొస్తే ఏం చేస్తాడో తెలియదు. తాగితే ఎలా మాట్లాడతాడో, అమ్మాయి కాదంటే ఆ ముఖం ఎలా మారుతుందో తెలియదు. ఆ తెలియని మనిషితోనే జీవితమంతా. ప్రేమ పెళ్లిలోనూ ఈ చీకటి పూర్తిగా తొలగిపోదు. నవల ఆ పది నిమిషాలను మూడు వందల పేజీలు చేసి చేతికిస్తుంది. ఒక ప్రమాదకరమైన మగవాడిని ఏ ప్రమాదం లేకుండా, అతని పక్కనే కూర్చున్నంత దగ్గరగా చూసే వీలు అక్కడ ఉంది. భయం వేస్తే పుస్తకం మూసేయొచ్చు. బతుకులో లేని ఆ అధికారం పాఠకురాలి వేళ్లలో ఉంటుంది. ఆమె కోరుకునేది క్రూరుణ్ని అని ఈ కథలు చదివే వాళ్లను ఎగతాళి చేసేవాళ్లు ఈ సంగతి గమనించరు.

అలాగని ప్రమాదం లేదనను. ఎమిలీ బ్రాంటీ 1847లో అచ్చువేసిన వుదరింగ్ హైట్స్‌లో హీత్‌క్లిఫ్ ఇలాంటి ప్రేమికులందరికీ పెద్దన్న. అందులో ఇసబెల్లా అనే పడుచుపిల్ల ఉంది. హీత్‌క్లిఫ్ కరకుతనం వెనుక గొప్ప ప్రేమ దాగి ఉందని ఊహించుకుని అతనితో లేచిపోతుంది. వెళ్లే రాత్రే అతను ఆమె కుక్కపిల్లకు ఉరి బిగిస్తాడు. ఈ పిల్ల నన్ను కథల్లో నాయకుడనుకుందని తర్వాత అతనే ఆమెను ఈసడిస్తాడు. తన నాయకుణ్ని అపార్థం చేసుకోబోయే పాఠకురాలిని బ్రాంటీ నవలలోనే ఒక పాత్రగా నిలబెట్టింది. ఇసబెల్లా చివరికి ఆ ఇంటి నుంచి తప్పించుకుని పారిపోతుంది. కథ ఆమెకు ఆ దారి ఇచ్చింది.

మన దగ్గర ఆ హెచ్చరికను గట్టిగా వినిపించింది రంగనాయకమ్మ. ఇళ్లలో ఆరాధ్య నాయకుల కథలు ఏలుతున్న రోజుల్లోనే ఆమె పేకమేడలు రాసి, భర్త క్రూరత్వానికి ఏ మెరుగూ పెట్టకుండా చూపించింది. ఆ రెండు రకాల నవలలనూ మా అమ్మ ఒకే ట్రంకు పెట్టెలో దాచింది. ఒకటి చదివిన కళ్లతోనే రెండోదీ చదివింది. ఆ పెట్టె కన్నా మంచి పాఠశాల నాకు మరొకటి దొరకలేదు.

ఇప్పుడా ట్రంకు పెట్టె ఫోన్‌లోకి వచ్చింది. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి వంటి వేదికల్లో తెలుగు సీరియళ్లు భాగాలు భాగాలుగా వస్తున్నాయి. రాసేవాళ్లలో ఇల్లాళ్లూ ఉద్యోగినులూ ఉన్నారు. చర్లపల్లి దిక్కు పనికి పోయే అమ్మాయిలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదవడం నేను రోజూ చూస్తాను. అడిగే హక్కు నాకు లేదు గానీ, ఆ ముఖాల మీద మా అమ్మ మధ్యాహ్నాలు కనిపిస్తాయి.

వాటిలో మంచి కథను గుర్తుపట్టడానికి పెద్దన గంధర్వుడు పెట్టిన షరతే నాకు కొలబద్ద. చీకటి ప్రేమికుడు ఎప్పుడూ నాయికను కళ్లు మూసుకోమనే అంటాడు. అది అతని స్వభావం. రచయిత మాత్రం పాఠకురాలితో ఆ మాట అనకూడదు. నాయిక భయాన్ని సిగ్గు అని రాసినప్పుడు, 'వద్దు' అన్న మాటను అలకగా మార్చినప్పుడు, వంద పేజీల దౌర్జన్యాన్ని నాయకుడి బాల్యంలోని ఒక్క కన్నీటి బొట్టుతో కడిగేసినప్పుడు రచయిత మన కళ్లు మూస్తున్నాడని అర్థం. గాయం మనిషిని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, అతని లెక్క కొట్టేయడానికి కాదు. మనుచరిత్ర, కన్యాశుల్కం, మైదానం మూడూ ప్రేమికుడికి అందాన్ని ఇచ్చాయి, అతను చేసిన పనిని దాచలేదు. అందుకే తరాలు మారినా అవి మనల్ని కుదిపేస్తూనే ఉన్నాయి.

మర్నాడు మా అక్క బిడ్డకు అలమరలోంచి మైదానం తీసిచ్చాను. రెండు రాత్రుల్లో చదివేసింది. మూడో రోజు పొద్దున చాయ తాగుతూ అంది, "రాజేశ్వరి అన్ని చూస్కుంటనే ఉంది గద చిన్నమ్మా. చూసి చూసి ఉండిపోయింది."

కాసేపటికి తన ఫోన్ తెచ్చి, ఆ ముఠా నాయకుడి కథలో ఒక పేరా చూపించింది. తలుపు గడియ పడ్డ చప్పుడుకు నాయిక బుగ్గలు ఎర్రబడ్డాయని ఉంది అందులో.

"ఈడ ఈమెకు భయమైతది. సిగ్గు గాదు. రాసినామెకు తెలుస్తలేదు" అంది.

ఆ కథ చదవడం మానేయమని నేను చెప్పలేదు, తనూ మానలేదు. తర్వాతి భాగం ఆదివారం వస్తుందట. ఆ తలుపు ఎవరు తీస్తారో చూడాలని ఇద్దరం ఎదురుచూస్తున్నాం.