తుమ్ము, దగ్గు, పిత్తు: ఒక క్రియాపదం వెలి

తెలుగులో తుమ్ము, దగ్గు, పిత్తు అనే మూడు మాటలకూ వ్యాకరణం ఒక్కటే. మూడూ రెండక్షరాల మాటలు, మూడింటిలోనూ ద్విత్వం ఉంది, మూడూ ఒకే రూపంలో నామంగానూ క్రియగానూ నిలుస్తాయి: తుమ్మాడు, దగ్గాడు, పిత్తాడు. శరీరశాస్త్రం దృష్టిలో మూడూ లోపలి గాలి బయటకు వచ్చే మార్గాలే. అయినా మొదటి రెంటినీ వియ్యాలవారి ఎదుట కూడా అనవచ్చు, మూడవదాన్ని వైద్యుడి దగ్గర కూడా అనలేము. ఈ వెలి వల్ల భాషకు కలిగిన నష్టం ఎంతో చెప్పలేను గాని, రోగికి కలిగే నష్టం రోజూ చూస్తున్నదే.

మర్యాద కోసం మనవాళ్ళు మొదట ఆశ్రయించినది సంస్కృతాన్ని. ఆ భాషలో ఈ పనికి తిన్నగా ‘పర్ద్’ అనే ధాతువే ఉంది. నింద్యమైన ధ్వని అని ధాతుపాఠం దానికి అర్థం చెప్పి ఊరుకుంది. హిందీ ‘పాద్‌నా’ దాని సంతతే. గ్రీకు ‘పెర్దొమాయ్’, ఇంగ్లీషు ‘ఫార్ట్’ కూడా ఆ కుటుంబంలోనివే. పితృ శబ్దానికి ఫాదర్, ద్వి శబ్దానికి టూ ఎలా జ్ఞాతులో, పర్ద్‌కు ఫార్ట్ అలాగే జ్ఞాతి. పకారం ఫకారంగా, దకారం టకారంగా మారడం జర్మానిక్ భాషల్లో నియమబద్ధంగా జరిగిన పరిణామం. ఇండో-యూరోపియన్ మూలభాషను పునర్నిర్మించిన పండితులు ఇంకొక ముచ్చట కూడా చెబుతారు. ఆ భాషలో ఇందుకు రెండు ధాతువులున్నాయట: చప్పుడయ్యేదానికి ‘పెర్ద్’, చప్పుడు కానిదానికి ‘పెస్ద్’. లాటిన్ ‘పేడో’ రెండవదాని వారసురాలు.

ఇంత వంశప్రతిష్ఠ గల పర్దనాన్ని కాదని మనం ‘అపానవాయువు’ను తెచ్చుకున్నాము. ఇది నాకు నచ్చని ఎంపిక. ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానాలనే ఐదింటిలో అపానం ఒకటి. మలమూత్రాలను, శుక్రార్తవాలను, చివరకు గర్భస్థ శిశువును కిందికి నెట్టే శక్తికి ఆయుర్వేదం పెట్టిన పేరది. బయటకు వచ్చే గాలి పేరు కాదు. ప్రసవం చేయించే శక్తిని పట్టుకొచ్చి పిత్తుకు ముసుగుగా కప్పాము. చరకుడికి ఈ ఇబ్బంది లేదు. ఆపుకోకూడని పదమూడు వేగాలను సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో చెబుతూ, మూత్రపురీషాల సరసన దీన్ని ‘వాతం’ అని మామూలుగా పేర్కొన్నాడు. వాగ్భటుడు ‘అధోవాతం’ అన్నాడు, అంటే కింది గాలి. శాస్త్రకారులు సిగ్గుపడని చోట వారి పదజాలాన్ని అరువు తెచ్చుకున్న మనం సిగ్గుపడుతున్నాము.

తెలుగు బడిలో చదివినవారికి ఇంకో సంగతి గుర్తుండాలి. సామాన్యశాస్త్రం పాఠంలో ‘పిత్తాశయం’ అన్న మాట రాగానే తరగతి అంతా కిసుక్కుమనేది. సంస్కృత పిత్తానికీ తెలుగు పిత్తుకూ ఏ చుట్టరికమూ లేదు, అది వేరే రసం. ఆ ఆశయంలో ఉండేదాన్ని మాత్రం పాఠ్యపుస్తకాలు ‘పైత్యరసం’ అన్నాయి. ఆ నవ్వుకు భయపడే అలా రాశారేమోనని నాకు అనుమానం.

పిల్లలకూ జానపదులకూ ఈ బెడద లేదు. చప్పుడును బట్టి పిత్తులకు తరతమాలు చెప్పే దొంగ సంస్కృత శ్లోకం ఒకటి రకరకాల పాఠాలతో మన బడులన్నిటా తిరిగింది. ఎవరు కట్టారో తెలియదు. మోగేది నిరపాయమనీ, ‘తుస్సు’మనేది ప్రాణాంతకమనీ దాని సారాంశం. అంటే పెర్ద్, పెస్ద్ అన్న విభజనే! వైద్యశాస్త్రం దీన్ని సగమే ఒప్పుకుంటుంది. మనిషి రోజుకు సుమారు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు దాకా వదిలే ఈ గాలిలో అత్యధిక భాగం వాసన లేని నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్. నూటికి ఒక వంతు కూడా లేని గంధక సమ్మేళనాలది వాసన. చప్పుడు గాలి వేగానికీ, ద్వారం బిగువుకూ సంబంధించినది. ఆ రెంటికీ కార్యకారణ సంబంధం లేదు గాని, మింగిన గాలి ఎక్కువగా ఉన్నప్పుడు మోత ఎక్కువ, వాసన తక్కువ కావచ్చు.

తమిళుల ‘కుసు’, కన్నడిగుల ‘హూసు’ చెవికి మన తుస్సు కోవలోవిగానే వినిపిస్తాయి. ఆ తుస్సుకు మాత్రం మన పత్రికల్లో పౌరసత్వం దొరికింది. సినిమా తుస్సుమంటుంది, టపాకాయ తుస్సుమంటుంది, ఉద్యమం తుస్సుమంటుంది, ఎవరూ ముక్కు మూసుకోరు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఆడే మోటు సరసం వింటూ తెల్లవార్లూ కూర్చున్న జాతి మనది. ఈ మాటకు నిషేధం ఊరి మధ్య పుట్టలేదని, చదువుకున్న మధ్యతరగతి వసారాల్లో పుట్టిందని నేననుకుంటాను.

ఆ వసారాల్లోకి చివరగా వచ్చినది ‘గ్యాస్’. పదిహేడవ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ గ్రీకు ‘ఖావోస్’ నుంచి కల్పించిన ఈ మాట తెలుగు నోట పడి పూర్తిగా వేరే జబ్బయింది. మనకు గ్యాస్ వదిలేది కాదు, పట్టేది. పొట్టలో పడుతుంది, గుండెలో పడుతుంది, వీపులోకి పాకుతుంది. గ్యాస్ మాత్ర అంటే జఠరామ్లాన్ని తగ్గించే మాత్ర. గుండె అడుగు గోడకు రక్తం అందనప్పుడు పొట్ట పైభాగంలో నొప్పి, వికారం, త్రేన్పులు రావచ్చు. ‘గ్యాస్ పట్టింది’ అనుకుని సోడా తాగి పడుకున్నవారిలో కొందరు తెల్లారి లేవలేదు. ఒక మాట అర్థం జరిగితే ఇంత దూరం పోతుంది.

అమెరికాలో చిక్కు మరొక రకం. పిల్లల దగ్గరకు వచ్చిన తల్లికి పొట్టమీద శస్త్రచికిత్స జరుగుతుంది. కోత తరువాత పేగులు కొంతకాలం స్తంభించిపోతాయి. చిన్నపేగు గంటల్లోనే తేరుకుంటుంది, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పట్టవచ్చు. గాలి పోవడం పేగు మేలుకొన్నదనడానికి గుర్తు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, మలమూ గాలీ రెండూ ఆగిపోతే అది పేగు మూసుకుపోయిన ప్రమాద సూచన. అందుకే సర్జన్ పొద్దున్నే వచ్చి అడిగే ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది. ఫోనులో దుబాసీ దాన్ని ‘గ్యాస్ వస్తోందా అమ్మా?’ అని మారుస్తాడు. ‘అబ్బే, గ్యాస్ ఏమీ లేదు బాబూ, బాగానే ఉంది’ అని ఆవిడ సంతోషంగా జవాబిస్తుంది. గాలి పోవడం లేదని సర్జన్ రాసుకుంటాడు. ఒకరు మంచి కబురు చెప్పారు, మరొకరు చెడ్డ కబురు విన్నారు. ఇటువంటి సంభాషణ నాకు కొత్త కాదు. పక్కన కొడుకు కూర్చుని ఉంటే ఇంకా కష్టం. తల్లిని ఆ మాట అడగలేక అతను కళ్ళు దించుకుంటాడు, ఆవిడ కోడలి వైపు చూస్తుంది.

‘అపానవాయువు విసర్జించిన పిదప ద్రవాహారము స్వీకరించవలెను’ అన్న ధోరణిలో రాసే తెలుగు కరపత్రాలు ఈ గదిలో ఎవరికీ పనికిరావు. ‘గాలి పోయిందా?’ అన్నది మన నర్సులు చిరకాలంగా అడుగుతున్న మాట, దానికి ‘కింది నుంచి’ అని చేర్చితే చాలావరకు సరిపోతుంది. దానికీ జవాబు తేలకపోతే నేను ‘పిత్తు పోతోందా అమ్మా?’ అనే అడుగుతాను. పల్లెటూరి పెద్దావిడ అయితే కుట్ల మీద చెయ్యి అదుముకుని నవ్వుతుంది. నవ్వుతూనే ఎప్పుడు పోయిందో, ఎన్నిసార్లు పోయిందో చెబుతుంది.