వేరు పీల్చునా, మారకము చేయునా?

“మొక్కల వేళ్ళు నేలలోని లవణములను పీల్చుకొనును” అను వాక్యము మన పాఠ్యగ్రంథములలో తరతరములుగా దిగివచ్చుచున్నది. పిల్లలకు సులభముగా కంఠస్థమగును. కాని లోహముల విషయమున, బోధింపవలసిన దానినే అది మరుగుపరచుచున్నది.

కోరుకొండ చెంత నొక వరిచేను ననుకొందము. వరివేరు పైచర్మపు కణకవచములలో పెక్టిను అను పదార్థము కొంత యుండును. అందలి ఆమ్లవర్గములు హైడ్రోజను అయానులను విడిచి ఋణావేశము పొందును. ఆ తావులలో కాల్షియము, జింకు వంటి లోహముల ధనాయానులు వచ్చి చేరును. ఒకటి చేరవలెనన్న మరియొకటి తావు విడువవలెను. ఒక కాల్షియము అయానునకు రెండు హైడ్రోజను అయానులు వెల. రాగి, సీసము మరింత గట్టిగా అంటుకొనును. ఈ బేరమునకు ప్రాణముతో పనిలేదు, చచ్చిన వేరు సైతము దీనిని సాగించును. 1951లో అమెరికాలో డ్రేక్ మొదలగువారు పెక్కు మొక్కల వేళ్ళ మారకపు శక్తిని కొలిచి, గడ్డిజాతులకన్న ద్విదళబీజములకు అది హెచ్చని చూపిరి. వరి గడ్డిజాతిదే.

అట్లని సర్వము మారకమే యనుట మరియొక పొరపాటు. కోరుకొండ తీర్థమునాడు కొండమెట్లపై నిలిచిన వారందరును స్వామి దర్శనము చేసికొన్నట్లు కాదు గదా! కణకవచము మెట్లవంటిది, దాని లోపలి కణత్వచము గుడి తలుపు. ఆ తలుపు దాటించుటకు ప్రత్యేకమైన ప్రోటీనులున్నవి. ఇనుమును దాటించు ప్రోటీను నొకదానిని 1996లో అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో గుర్తించిరి. కణము శక్తిని వెచ్చించి హైడ్రోజను అయానులను వెలికి నెట్టి, లోపల ఋణావేశమును నిలుపుకొనును. ఆ యాకర్షణచే లోహము లోనికి పోవును. ఇది బ్రతికియున్న కణమునకే సాధ్యము.

ఈ తేడా పట్టించుకొననిచో నష్టపడునది రైతు. ఆకుమీది మైనపుపొరయైన అవభాసిని సైతము ధనాయానులను పట్టుకొనునని 1977లో జర్మనీలో షోన్‌హెర్, హ్యూబర్ చూపిరి, పి.హెచ్. 3 దాటినచో దానికి ఋణావేశము కలుగును. జింకు లోపించిన వరిపై లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు చల్లినప్పుడు, కొంత జింకు ఆ పొరలోనే చిక్కుకొనును. అట్టి యాకును కడుగక పరీక్షించినచో జింకు సమృద్ధిగా నున్నట్లు లెక్క తేలును. లోపలి కణములు మాత్రము ఆకలితోనే యుండవచ్చును. ‘పీల్చుకొనును’ అని మాత్రమే నేర్చినవానికి ఈ సందేహమే తోచదు. ఆకులను సబ్బునీటితోను, పలుచని ఆమ్లముతోను కడిగిన పిదపనే పరీక్షకు తీసికొను వాడుక యిందుకే యేర్పడినది.