గుఱ్ఱము - ఘోటకము: ఒక శబ్దవిమర్శ

ఉప్పల్, నాచారము వీథులలోఁ బెండ్లి యూరేగింపునకు వచ్చు జంతువునకు రెండు పేళ్లు వినవచ్చును. తెలుఁగువారు గుఱ్ఱ మందురు. ఉర్దూ, హిందీ మాటలాడువారు ఘోడా యందురు. ఘోడా సంస్కృత ఘోటకమునుండి వచ్చినది. గుఱ్ఱమును దాని వికృతియే యని చెప్పువారు కలరు. ఈ మతమునకుఁ బోలికయే యాధారము.

పోలిక ప్రమాణము గాదనుటకుఁ గెల్టిక్ భాషలు నిదర్శనము. గుఱ్ఱమునకుఁ బ్రాచీన ఐరిష్ భాషలో ‘ఎఖ్’ అని పేరు. గాల్ దేశపుఁ బ్రాచీనభాషలో ‘ఎపో’. అశ్వదేవత యగు ఎపోనా నామమున నీ రెండవ రూపము నిలిచియున్నది. చెవికి వేఱుగాఁ దోఁచినను ఇవి లాటిన్ ‘ఎక్వుస్’తోను, సంస్కృత ‘అశ్వ’తోను నేకమూలకములు, ఆయా భాషలలో ధ్వనులు మాఱిన తీరు నియతమగుటయే దీనికి సాక్ష్యము. ఐరిష్ ‘కపల్’, లాటిన్ ‘కబల్లుస్’ అన్నవో చూడఁగానే కలియును. కాని యా పోలిక యెరవువలన వచ్చినది.

ఈ త్రాసునఁ దూఁచినచో గుఱ్ఱము తమిళ ‘కుదిరై’, మలయాళ ‘కుదిర’, కన్నడ ‘కుదురె’ శబ్దముల సరసనఁ జేరును. నడిమి యచ్చు లోపించి, దకారరేఫములు కలసి ద్విత్వశకటరేఫ మైనదని భాషావేత్తల యూహ. అట్లైనచో శకటరేఫ వ్రాఁత ఛాందసము గాదు, చరిత్ర. తమిళమున ‘కుది’ యనఁగా దుముకుట. కావున దుముకునది కుదిరై యని పండితులు వివరించిరి. నాచారమునకు సమీపమునఁ గల ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్యులై యుండిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు (1928-2012) మనకు నేర్పినది యిట్టి తులనాత్మక పద్ధతినే.

ఇఁక ఘోటకము. ఋగ్వేదమున అశ్వ, హయ, అత్య, అర్వన్ శబ్దములు కలవు. ఘోటక శబ్దము లేదు. ఇది యార్యేతర భాషనుండి వచ్చిన యెరవని పెక్కండ్ర మతము. అంతమాత్రమున గుఱ్ఱమునుండియే పుట్టెననుట తొందరపాటు. ఘకారమున మహాప్రాణ మెట్లు వచ్చెనో, దకారరేఫములకు మాఱుగా టకార మెట్లు నిలిచెనో నియమముతోఁ జూపవలెను. సంస్కృతపక్షమువారి నడిగిన సాక్ష్యమునే ద్రావిడపక్షమువారిని నడుగుట న్యాయము.

నేఁటి పెంపుడు గుఱ్ఱముల పుట్టుచోటు వోల్గా, డాన్ నదుల ప్రాంతమని 2021లో వెలువడిన జన్యుపరిశోధన తెలిపినది. జంతువు పరదేశమునుండి వచ్చినను బేరు వెంట రానక్కఱలేదు. క్రొత్తదానికిఁ దమ ధాతువుతోఁ బేరిడుట జీవద్భాషకు సహజము. మావు, తత్తడి, వారువము మున్నగు తక్కిన పేళ్లనుగూడ నిదే త్రాసునఁ దూఁచుట మన పరిశోధకుల విధి.