దెయ్యానికి ఎవరి బట్టలు?

'మసూద' చూసి వచ్చిన రాత్రి బహదూర్‌పురా చౌరస్తాలో దిగాను. ఫ్లైఓవర్ కింద షేర్ ఆటో కోసం ఐదారుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అందరూ నల్ల బురఖాల్లోనే. ఒకామె చేతిలో పాల ప్యాకెట్లు, ఇంకొకామె భుజమ్మీద నిద్రపోతున్న పిల్లాడు. నేను రోజూ చూసేదే. ఆ ఒక్క రాత్రి మాత్రం అర సెకను నా కాలు ఆగింది. వెంటనే సిగ్గేసింది. ఆ అర సెకను గురించే ఈ వ్యాసం.

మన హారర్ సినిమాల మీద మాట మొదలైతే చాలు, ఒకటే ఫిర్యాదు వినిపిస్తుంది. అప్పట్లో భయపెట్టేవాళ్ళు, ఇప్పుడు ఉలిక్కిపడేలా చేస్తున్నారంతే అని. తలుపు కిర్రుమనడం, రెండు క్షణాల నిశ్శబ్దం, ఆపైన చెవులు పగిలే చప్పుడు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ చప్పుడు పాతవాళ్ళూ చేశారు. తేడా అక్కడ లేదనుకుంటాను. దెయ్యం ఎవరి రూపంలో వస్తుంది, మనం ఎవర్ని చూసి భయపడాలని సినిమా అంటోంది? పాతకీ కొత్తకీ మధ్య అడగాల్సిన ప్రశ్న ఇది.

ముందు తెల్లచీర సంగతి చూద్దాం. తెలుగు తెరమీద ఆడదెయ్యం అనగానే తెల్లచీర, విరబోసుకున్న జుట్టు. ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఆ చీర ఎవరిదని ఎప్పుడూ అడగలేదు. మన సినిమాల్లో విధవరాలికి కట్టించిందీ ఆ తెల్లచీరే. ఇంట్లో ఒక మూలకి నెట్టేసి, శుభకార్యాలకి ఎదురు రావద్దన్న మనిషి బట్టలే తెచ్చి దెయ్యానికి కట్టాం. జుట్టు ముడేసుకోమని ఆడపిల్లకి ఇంట్లో చెప్పే మాటని తిరగేస్తే దెయ్యం జుట్టు వచ్చింది. విఠలాచార్య 'జగన్మోహిని' (1978) లాంటి జానపదాల్లో ఇదంతా సగం వేడుక. పిల్లలు భయపడుతూనే నవ్వేవాళ్ళు. అయినా లెక్క లెక్కే. మనం పక్కన పెట్టిన మనిషే తిరిగొచ్చి మనల్ని భయపెట్టింది.

రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' (1992) ఇక్కడే పెద్ద మలుపు. మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లో దిగుతుంది. కాలేజీకి వెళ్ళే కూతురు, ఆ పాత్రలో రేవతి. ఒక పిల్లికూన చచ్చిపోతుంది. అంతే సరంజామా. సినిమా మొదలవడమే పట్టపగలు, మనిషి జాడ లేని వీధిలో ఒంటరిగా నడిచే అమ్మాయితో. దెయ్యానికి వేరే వేషం లేదు. కాలేజీకి వేసుకెళ్ళే బట్టల్లోనే, అమ్మానాన్నలతో భోజనానికి కూర్చునే మొహంతోనే ఉంటుంది. చివరికి మాంత్రికుడు రావాల్సి వచ్చింది నిజమే, ఆ భాగం ఇవాళ చూస్తే కొంచెం మొరటుగానే ఉంటుంది. కానీ అప్పటిదాకా ఆ సినిమా మనకి ఫలానా వాళ్ళని చూసి భయపడండి అని చెప్పదు. థియేటర్ నుంచి బయటికొచ్చాక భయపడటానికి మన ఇల్లు తప్ప ఇంకేం మిగలదు.

అలాగని పాతదంతా బంగారం అనను. యండమూరి 'తులసిదళం' ఒక తరాన్ని నిద్రపోనివ్వలేదు. చేతబడికీ వైద్యానికీ మధ్య పాఠకుణ్ణి ఊగిసలాడించడం ఆ నవల గొప్పతనం. కానీ ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒడిశా అడవుల్లోని మాంత్రికుల దగ్గర్నుంచి. మైదానంలో ఉన్న డబ్బున్న ఇంటికి అడవి నుంచి ఆపద వచ్చింది. అంటే బయటివాణ్ణి చూపించి భయపెట్టడం కొత్తవాళ్ళు కనిపెట్టిన విద్యేం కాదు.

తర్వాత వచ్చిన 'అరుంధతి' (2009) లెక్క మార్చేసింది. పశుపతి అఘోరాగా తిరిగొస్తాడు, జేజమ్మ అతన్ని అంతం చేస్తుంది. ఇది హారర్ కంటే పౌరాణికానికి దగ్గర. దేవత గెలుస్తుందని ముందే తెలుసు కాబట్టి చప్పట్లు కొడుతూ చూస్తాం. ఆ విజయం చూసి దెయ్యం సినిమాకి డబ్బులొస్తాయని అందరికీ అర్థమైంది. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజు గారి గది' (2015) వరస కట్టాయి. భయానికి పక్కన కామెడీ లేకపోతే జనం రారన్న నమ్మకం బలపడింది. 'ఆనందో బ్రహ్మ' (2017) కనీసం ఆ సూత్రాన్ని తిరగేసింది. అందులో మనుషుల్ని చూసి దెయ్యాలు భయపడతాయి.

ఈ మధ్యలో మనం సరిగ్గా పట్టించుకోని సినిమా 'అవును' (2012). రవిబాబు తీసిన ఈ సినిమాలో దెయ్యం కనిపించదు. కొత్తగా పెళ్ళయి కొత్తింట్లోకి వచ్చిన అమ్మాయిని ఎవరో చూస్తున్నారు, అంతే. బట్టలు మార్చుకునేటప్పుడు, నిద్రపోయేటప్పుడు చూస్తున్నారు. హాస్టల్లోనో, అద్దె గదిలోనో ఉన్న ఏ అమ్మాయినైనా అడగండి, ఈ భయానికి దెయ్యం అవసరమే లేదంటుంది. అయితే ఆమెని కాపాడాలనే సినిమా, ఆ దెయ్యం చూసే చోటే కెమెరా పెట్టి మనకీ చూపిస్తుంది. అది దాని లోపం. కానీ దాని భయం మాత్రం ఎవరి బట్టలూ అరువు తెచ్చుకున్నది కాదు.

ఇప్పుడు 'మసూద' (2022). సాయికిరణ్‌కి మొదటి సినిమా. ఆ మొదటి సగం ఈ పదేళ్ళలో తెలుగులో వచ్చిన మంచి హారర్‌లో ఒకటని నా అభిప్రాయం. భర్తకి దూరంగా ఉంటూ కూతుర్ని పెంచుకుంటున్న టీచరు నీలం, ఆమె కూతురు నాజియా, పక్క ఫ్లాట్‌లో పిరికివాడైన గోపి. అర్ధరాత్రి ఆమె వచ్చి తలుపు కొడుతుంది. అతను తీయాలా వద్దా? సంగీత మొహంలో ఉన్న భయం దెయ్యాన్ని చూసిన భయం కాదు, చేతికందకుండా పోతున్న కూతుర్ని చూసిన తల్లి భయం. కామెడీ లేదు, పాటలతో తొందరపెట్టడం లేదు.

రెండో సగంలో సినిమా మసూద ఎవరో వెతుక్కుంటూ వెళ్తుంది. అక్కణ్ణుంచి భయం అంతా ఒక నల్ల బురఖా మీదికి చేరుతుంది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ సినిమాలో ద్వేషం లేదు. నాజియాని కాపాడటానికి పూనుకునేదీ ఒక పీరే. పాతబస్తీలో పుట్టి పెరిగినవాళ్ళకి ఇది వింత కాదు. పిల్లకి 'అసర్' అయిందనో, 'సాయా' పడిందనో తావీజు కట్టించుకునేవాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. ఆ కలగలుపు లోకాన్ని తెలుగు తెరమీదికి తెచ్చినందుకు దర్శకుణ్ణి మెచ్చుకోవాలి కూడా.

కానీ ఉద్దేశం మంచిదైనా, బొమ్మ చేసే పని బొమ్మ చేస్తుంది. చీకట్లో కదలకుండా నిలబడ్డ బురఖా భయపెట్టడానికి ఆ సినిమా పెద్దగా కష్టపడలేదు. ఎందుకంటే మనలో సగం భయం ముందే ఉంది. వార్తల్లోంచి, వాట్సాప్‌లోంచి వచ్చి కూర్చుంది. సినిమా దాన్ని అప్పు తీసుకుంది. తెల్లచీరకి విధవరాలి మీద మనకున్న భయం అరువిచ్చినట్టే.

'విరూపాక్ష' (2023) ఇంకో రకం అప్పు. చేతబడి చేస్తున్నారని ఊరివాళ్ళు ఒక జంటని సజీవ దహనం చేస్తారు. పన్నెండేళ్ళ తర్వాత శాపం పనిచేసి ఊళ్ళో చావులు మొదలవుతాయి. కథనం బిగువుగా ఉంది, ఒప్పుకుంటాను. కానీ బాణామతి అనుమానంతో మనుషుల్ని చంపిన వార్తలు తెలంగాణ పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి. అలాంటి చోట, క్షుద్రవిద్య నిజంగానే పనిచేస్తుందని చూపించే కథ ఎవరి అనుమానాన్ని బలపరుస్తుంది? హారర్‌లో లాజిక్ వెతకొద్దు అంటారు. సరే, వెతకను. ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో అడగొచ్చుగా?

మా పై వాటాలో ఉండే ఆపా 'మసూద'ని ఫోన్‌లో చూసింది. ఎలా ఉందని అడిగితే ఉర్దూలో చెప్పింది, తెలుగులో నా మాటల్లో ఇది: "ఆ బురఖా వేసుకుని అడవిలో అంత జోరుగా ఎలా తిరుగుతుంది? మేం మెట్లెక్కాలంటేనే అంచు ఎత్తి పట్టుకోవాలి." బాగా నవ్వింది. తర్వాత కాసేపాగి, ఆ పిల్ల రాత్రిపూట తల్లిని గుర్తుపట్టనట్టు చూసే చోట మాత్రం ఫోన్ పక్కన పెట్టేశానంది. ఆమెకి పదహారేళ్ళ కూతురుంది.

ఏ విమర్శకుడూ ఇంతకంటే బాగా చెప్పలేడు. నన్ను చౌరస్తాలో అర సెకను ఆపిన బురఖా, దాన్ని రోజూ వేసుకునే మనిషికి నవ్వు తెప్పించింది. ఆమెని నిజంగా భయపెట్టిందీ, నన్ను నిజంగా భయపెట్టిందీ ఒకటే. అది మొదటి సగంలో ఉంది. దానికి ఏ వేషమూ లేదు. 'రాత్రి'లో రేవతికి ఉన్నట్టే, నాజియాకీ ఉన్నది తన మొహం ఒక్కటే. మన దర్శకులకి ఆ భయం పట్టుకోవడం చేతకాక కాదు. పట్టుకున్నాక దానిమీద నమ్మకం ఉంచడం లేదు, ఇంటర్వెల్ తర్వాత ఎవరివో బట్టలు వెతుకుతున్నారు.