పీక ఎవురు చేసినారు?

జాజ్ వింటానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: నీకు బాగా ఇష్టమైన ఐదు ఆల్బమ్‌లు చెప్పు. చాలాకాలం నా జవాబు అందరి జవాబే. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959), జాన్ కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ (1965), మిగతా మూడూ ఎదురుగా ఉన్న మనిషిని బట్టి మారిపోయేవి. అవి గొప్పవి కావని కాదు. వాటి గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గరేమీ లేదు, అంతే. ఉద్యోగం బెంగళూరులో. శుక్రవారం రాత్రి బస్సెక్కితే బంగారుపాళ్యం. దారంతా హెడ్‌ఫోన్స్‌లో విన్నదానికీ, దిగాక మా వీధిలో వినిపించేదానికీ ఏ సంబంధమూ లేదనే అనుకునేవాణ్ణి. ఉందని తెలిశాక ఇంకో తప్పు చేశాను. గర్వపడ్డాను.

ఆ గర్వానికి కారణం మేనార్డ్ ఫెర్గుసన్. 1928లో కెనడాలో పుట్టిన ట్రంపెట్ వాద్యకారుడు. 1950ల మొదట్లో స్టాన్ కెంటన్ బృందంలో, మిగతావాళ్ళకి అందని పైస్థాయి స్వరాలు ఊది పేరు తెచ్చుకున్నాడు. 1960ల చివర్లో ఆయన కుటుంబంతో సహా ఇండియా వచ్చి, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో పాఠాలు చెప్పాడు. జిడ్డు కృష్ణమూర్తి స్కూలు. మా ఊళ్ళో పొద్దున బస్సెక్కితే పలమనేరు, పుంగనూరు మీదుగా మధ్యాహ్నం భోజనానికి చేరే చోటు! అక్కణ్ణుంచి ఇంగ్లండ్ వెళ్ళి, 1970లో ‘ఎం.ఎఫ్. హార్న్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. అందులో ‘మాకార్థర్ పార్క్’ జనానికి బాగా ఎక్కింది. అదే ఆల్బమ్‌లో, దాని నీడలో పడిపోయిన ఇంకో ట్రాక్ పేరు ‘చలనాట’.

ఆ పేరు ఫోన్లో చూసినరోజు బస్సులో లేచి నిలబడినంత పని చేశాను.

చలనాట 72 మేళకర్తల్లో 36వది. శుద్ధమధ్యమ రాగాల వరస దానితో ముగుస్తుంది. దాంట్లో షట్‌శ్రుతి రిషభం, అంతర గాంధారం ఒకదాన్నొకటి ఆనుకుని కూచుంటాయి. పియానో మీద వెతికితే ఆ రెండూ మైనర్ థర్డ్, మేజర్ థర్డ్. పైన షట్‌శ్రుతి ధైవతం, కాకలి నిషాదం దగ్గరా ఇదే ఇరుకు: మైనర్ సెవెన్త్, మేజర్ సెవెన్త్. బ్లూస్ పాడేవాళ్ళ గొంతు నలిగేది సరిగ్గా ఈ రెండు చోట్లే. మైనరా మేజరా అని తేల్చకుండా, మధ్యలో ఎక్కడో మూలుగుతుంది. 72 రాగాలు ముందు పరిస్తే జాజ్ చెవి ఉన్న మనిషి ఇక్కడ ఆగడంలో నాకు ఆశ్చర్యం లేదు. పైగా మా గుళ్ళో స్వామి పల్లకీ ఎక్కగానే నాదస్వరం మీద వాయించే మల్లారి గంభీరనాటలో ఉంటుంది. అది చలనాటకి బిడ్డ. అక్షరాలు దిద్దకముందే ఆ కుటుంబం నా చెవిలో ఉంది.

ఇంత సరంజామా పట్టుకుని మామ దగ్గరికి పోయాను. వరసకి మామ. నలభై ఏళ్ళు నాదస్వరం వాయించాడు. ముందు పళ్ళు ఊడాక పీక మీద పట్టు తప్పి, మేళం మానేశాడు. పెళ్ళిళ్ళవాళ్ళు డీజేకి మారడం కూడా అప్పుడే. మామిడికాయల కాలం అది. రోడ్డు పొడుగునా తోతాపురి బండ్లు, ఎక్కడ చూసినా సొన వాసన. అరుగు మీద కూచోబెట్టి, చిన్న స్పీకర్ తగిలించి ‘చలనాట’ పెట్టాను.

కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

“పేరు బాగా పెట్నాడు,” అన్నాడు.

“రాగం ఎట్లుంది మామా?”

“స్వరాలుండాయి. నడక లేదు. కంచెకి గూటాలు నాటినట్టుండాది.”

నాకు కోపమొచ్చింది. అది బిగ్ బ్యాండ్ మామా, నాలుగైదు ట్రంపెట్లు ఒక్క గొంతుతో లేవాలి, అందరికీ రాసిచ్చిన స్వరం ఉంటుంది, తలా ఒక పక్కకి జారితే గోల అవుతుంది, అని వివరించాను. “అట్లయితే ఈ రాగమే ఎందుకు ఎత్తుకోవాల?” అన్నాడు. నాకు మాట రాలేదు. మదనపల్లె అన్నా, రిషివ్యాలీ అన్నా ఆయనకి పట్టలేదు.

తర్వాత చాలాసార్లు విన్నాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: ‘చలనాట’ని నేను సంగీతంగా కంటే సమాచారంగానే ఎక్కువ ప్రేమించాను. మా జిల్లా అన్న మాట నా చెవికి అడ్డం పడింది. ఆ రిషభ గాంధారాల ఇరుకు కోసమే కదా ఈ రాగం? ఆ ఇరుకులో స్వరం ఒరుసుకుంటూ పోవాలి. బృందం మెట్టు నుంచి మెట్టుకి దూకుతుంది. రాగం జాబితా మిగులుతుంది, రాగం మిగలదు.

ఆరోజు మాట మార్చడానికి కోల్ట్రేన్ ‘ఇండియా’ పెట్టాను, నిజానికి ఏ ఆశా లేకుండానే. 1961 నవంబరులో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో జనం ముందు వాయించింది. 1963లో ‘ఇంప్రెషన్స్’ ఆల్బమ్‌లో వచ్చింది. పేరుకి ఇండియాయే గానీ తంబురా లేదు, వీణ లేదు. రెండు డబుల్ బేస్‌లు కింద శ్రుతి పెట్టెలా పట్టుకునుంటాయి. ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్, కోల్ట్రేన్ సొప్రానో సాక్సాఫోన్. ఆ సొప్రానో ముక్కుతో పాడినట్టు లేవగానే మామ కళ్ళు తెరిచాడు.

“ఈ పీక ఎవురు చేసినారు?”

అది సాక్సాఫోన్ అన్నాను. “ఏదైతే ఏంరా, నోట్లో ఉండేది పీకే గదా,” అన్నాడు. నిజమే. నాదస్వరానికి రెండు పొరల పీక, సాక్సాఫోన్‌కి ఒక్క పొర. రెండిట్లోనూ రెల్లుముక్క పెదవికి లొంగితేనే స్వరం వంగుతుంది. ఏం రాగమని అడిగాడు. రాగం కాదు మామా అంటే, “పోనీలే, పోతా ఉండాడు గదా,” అని పద్నాలుగు నిమిషాలూ విన్నాడు.

నా జాబితా అక్కణ్ణుంచి తిరగబడింది. ఆలిస్ కోల్ట్రేన్‌ని తీసుకోండి. అందరూ చెప్పేది ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ (1971). ఫారో శాండర్స్ సాక్సాఫోన్, ఆమె హార్ప్, వెనక తంబురా. అందంగా ఉంటుంది, కాదనను. కానీ అందులో తంబురా కొంచెం గది అలంకరణలాగే ఉందని ఇప్పుడు అనిపిస్తోంది. నేను ఎంచుకునేది ఆమె 1982లో ఆశ్రమం భక్తుల కోసం క్యాసెట్‌గా తెచ్చిన ‘తురియ సింగ్స్’. 2021లో గొంతూ ఆర్గనూ మాత్రమే ఉంచి మళ్ళీ విడుదల చేశారు. ఆమె తర్వాతి కాలంలో సత్యసాయి భక్తురాలు. ఫెర్గుసన్ కూడా. ఇద్దరు జాజ్ మనుషుల దారులు మా రాయలసీమ పుట్టపర్తికే చేరాయి. ఆయన రాగం పేరు తీసుకుపోయాడు. ఆమె భజన తీసుకుపోయి, డెట్రాయిట్ చర్చిలో పెరిగిన గొంతుతో పాడింది. సంస్కృతం మన చెవికి అక్కడక్కడా తడబడుతుంది. ఐనా ఎవరినో అనుకరిస్తున్నట్టు ఒక్క క్షణం కూడా ఉండదు. 2017లో లువాకా బాప్ సంస్థ వేసిన ఆశ్రమ రికార్డింగుల సంకలనంలో సింథసైజర్ స్వరాలు కిందనుంచి పైకి జారుకుంటూ పోతాయి. గూటాలు లేవు. మా అత్తకి మాత్రం నచ్చలేదు. “ఇంత నిదానంగా పాడితే హారతికి ఎప్పుడు లేచేది?” అంది. ఆమెది ముప్పై ఏళ్ళ భజన అనుభవం. వాదించలేదు.

పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గురించి మామకి ఒప్పజెప్పాల్సిన పనే లేదు. జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’లో వాయించిన ‘ది బిలీవర్’ (2000) పెడితే చాలు. మాండలిన్‌కి జంట తీగలుంటాయి, అవి గమకానికి లొంగవు. ఆయన ఒంటి తీగలు ఐదు పెట్టి, విద్యుత్ వాద్యం చేసుకున్నాడు. రాగం కోసం వాద్యమే మారింది. 2014లో, 45 ఏళ్ళకే పోయాడు.

ఫెర్గుసన్‌ని నేను జాబితాలోంచి కొట్టెయ్యలేదు. పోయిన శనివారం మామే అడిగాడు, “ఆ గూటాలాయన్ది ఇంకోసారి పెట్టు” అని. పెట్టాను. ట్రంపెట్లు దూకే చోట చెయ్యెత్తి నన్ను ఆపమన్నాడు. బోసినోటితోనే, సన్నగా, రిషభాన్ని గాంధారం అంచుదాకా జార్చి వెనక్కి లాగాడు.

“ఇట్ల పోవాల. ఇప్పుడు వెయ్యి.”