ఘాటెక్కే బండికి ఏ ఫిల్టరు?

అలిపిరి టోల్‌గేటు దాటాక ఇంజన్‌కు ఊపిరాడదు. తిరుమల కొండ సముద్రమట్టానికి 850 మీటర్ల పైచిలుకు ఎత్తు, పైకి దాదాపు 18 కిలోమీటర్ల దారి. బండిలో ఐదుగురు, డిక్కీ నిండా లగేజీ, ఏసీ ఆన్. రెండో గేరు, మూడో గేరు తప్ప నాలుగో గేరు పడే చోటు తక్కువ. రోజంతా ఇలా ట్రిప్పులు కొట్టే డిజైరు, వ్యాగనారుల్లో ఆయిల్ కాగి పల్చబడుతుంది, మసి పడుతుంది. ఆ మసినీ, ఇనుప రజనునూ బేరింగుల దాకా పోనీకుండా ఆపేది పిడికెడంత ఆయిల్ ఫిల్టరు. దాన్ని ఎంచడం ఒక విద్య. ఆ విద్య మా తిరుపతి, చిత్తూరు షెడ్లలోని మేస్త్రీల చేతుల్లో ఉన్నంత నిండుగా నేను మరెక్కడా చూడలేదు.

చరిత్ర పొడుగేమీ కాదు. 1923 ప్రాంతంలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్ ప్యూరోలేటర్ ఫిల్టరును తెచ్చాడు. తిరుమలకు మొదటి ఘాట్‌రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. 1983లో మారుతి 800 దిగాక చిన్నకారు మధ్యతరగతి గడప తొక్కింది. మేస్త్రీల అసలు పనితనం అప్పటినుంచే.

మంచి మేస్త్రీ కొత్త ఫిల్టరును ముందు తిరగేసి చూస్తాడు. నడుమ రంధ్రంలోని త్రెడ్డును వేలికొసతో తడుముతాడు. చిన్నకార్ల ఫిల్టర్లలో 20 మిల్లీమీటర్ల త్రెడ్డు ఉంది, ముప్పావు అంగుళం త్రెడ్డూ ఉంది. రెంటికీ తేడా మిల్లీమీటరు లోపే. కంటికి ఒకటే అనిపిస్తాయి, తప్పుడుది కూడా రెండు చుట్లు తిరుగుతుంది. ఘాట్‌లో ప్రెషర్ పెరిగినప్పుడు ఊడి వస్తుంది, ఆయిలంతా రోడ్డుపాలవుతుంది. అందుకే సైజు సరిపోయిందంటే చాలదు, పార్టు నెంబరు కలవాలి.

తర్వాత అంచున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి అగ్గిపుల్లతో లోపలి రబ్బరును మెల్లగా నొక్కుతాడు. అది వంగి, తిరిగి యథాస్థానానికి రావాలి. బండి ఆపాక ఫిల్టరులోని ఆయిల్ కిందికి జారకుండా పట్టి ఉంచేది ఆ రబ్బరే. అది గట్టిపడితే పొద్దున్నే స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు క్షణాలు ఇంజన్ పొడిగా తిరుగుతుంది. చిత్తూరులో ఒక పెద్ద మేస్త్రీ ఉన్నాడు. తెల్లవారుజామున బండి స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తకుండానే, ‘అబ్బయ్యా, ఫిల్టరు రబ్బరు పోయిండాది, మార్చు’ అంటాడు. ఆ చెవికి మొక్కాలి!

ఇక బైపాస్ వాల్వు. లోపలి కాగితం మూసుకుపోయినా ఇంజన్‌కు ఆయిల్ అందేలా తెరుచుకునే స్ప్రింగది. ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలన్నది ఇంజన్‌ను బట్టి మారుతుంది. పక్క కంపెనీ కారు ఫిల్టరు బిగుసుకుంది కదా అని వాడకూడదనేది ఇందుకే. డీజిల్ డిజైరులో ఇలాంటి డబ్బా ఫిల్టరు ఉండదు, గిన్నెలో దించే కాగితపు గుండు ఉంటుంది. దాంతోపాటు మూత చుట్టూ ఉండే ఓ-రింగ్‌నూ ప్రతిసారీ మార్చాలి.

బిగింపులోనూ కళ ఉంది. పాత ఫిల్టరు అంచున ఉండే రబ్బరు వాషరు ఇంజన్‌కే అంటుకుపోయిందేమో చూడాలి. కొత్త వాషరుకు ఆయిల్ పూయాలి. అది ఇంజన్‌ను తాకాక చేత్తో ముప్పావు చుట్టు, అంతే. స్పానరు వేసి బిగించేవాడు నా దృష్టిలో మేస్త్రీ కాదు.

ఇంతటి విద్యను డూప్లికేట్ మాలు కాలరాస్తోంది. పైకి అదే రంగు, అదే పేరు, నకిలీ హోలోగ్రాం. కోసి చూస్తే మడతలు వంకర, జిగురు ఊడిన కాగితం, వాల్వు ఉండాల్సిన చోట ఉత్త రేకు. మిగిలేది కొన్ని పదుల రూపాయలు. పోయేది క్రాంక్, బేరింగులు, ఆ బండి మీద బతికే కుటుంబం రాబడి. ఇది వ్యాపారం కాదు, దొంగతనం. తెలిసీ అమ్మేవాడూ దొంగే. దీనికి తోడు పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చి ఫిల్టరు పాతదే ఉంచే పిసినారితనం ఒకటి! భాకరాపేట ఘాట్, మొగిలి ఘాట్ రోజూ ఎక్కే బండికి అది చేటు.

తీసేసిన ఫిల్టరును కోసి, కాగితం మడతల్లో మెరుపు ఉందా అని ఎండలో పట్టి చూసి, ఇంజన్ లోపలి అరుగుదల చెప్పగల మేస్త్రీలు మన మధ్యనే ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లే తగ్గిపోయారు. బండిగలవాళ్లారా, చౌక అడిగి ఆ మేస్త్రీల చేతులు కట్టేయకండి. బిల్లు అడగండి, పార్టు నెంబరు మీరే సరిచూడండి. సర్వీసు అయ్యాక కొత్త ఫిల్టరు వచ్చిన అట్టపెట్టెను అక్కడే చింపేయండి, ఖాళీ పెట్టెల్లోకే నకిలీ సరుకు చేరుతోంది.